జానెడు నీడ: యిన్, యాంగ్, తూకం



ఈ ధర్మనిధి ఉపన్యాసానికి నన్ను పిలిచినవాళ్ళు ముందు పది నిమిషాలు మాస్టారి గురించి మాట్లాడి, ఆ తర్వాత విషయంలోకి వెళ్ళమన్నారు. ఆ రెండింటినీ విడదీయటం నాకు చేతకాదు. ఆయన పేరు మీ చేతుల్లోని ఆహ్వానపత్రికలో ఉంది. నా వెనక బ్యానరు మీద ఇంకా పెద్ద అక్షరాల్లో ఉంది. ఆయన బతికుండగా మేమెవరం ఆయన్ని పేరుతో పిలవలేదు. ఇవాళ కొత్తగా ఎందుకు? మాస్టారనే అంటాను.

ఆయన మాకు తత్త్వశాస్త్రం చెప్పారు. సిలబస్‌లో చైనాకు దక్కింది ఒక్క అధ్యాయం, అదీ చివర్లో, పరీక్షల ముందు అందరూ హడావుడిగా దాటేసే చోట. మాస్టారు దాటేసేవారు కాదు. ఒకసారి సెలవుల ముందు పెట్టిన పరీక్షలో యిన్, యాంగ్ మీద పది మార్కుల ప్రశ్న ఇచ్చారు. నేను గైడులో ఉన్నది ఉన్నట్టు దించాను. విశ్వంలో రెండు విరుద్ధ శక్తులున్నాయి, ఒకటి వెలుగు, ఒకటి చీకటి, రెండూ సమానంగా ఉంటే సమతుల్యం, లేకపోతే అనర్థం అని. కాలేజీ తెరిచాక పేపరు చేతికొచ్చింది. పదికి నాలుగు. 'సమానంగా' అన్న మాట చుట్టూ ఎర్రసిరాతో సున్నా. పక్కన మార్జిన్‌లో ఒకే వాక్యం: "కొండ దగ్గరికి వెళ్ళి చూసి రా."

విజయవాడలో కొండలకు కొదవా? జూన్ నెల, మిట్టమధ్యాహ్నం, సైకిలు తొక్కుకుంటూ ఇంద్రకీలాద్రి చుట్టూ తిరిగాను. పుస్తకం ప్రకారం కొండకు దక్షిణం ఎండవైపు, ఉత్తరం నీడవైపు. నాకు కనిపించినంత మేరా రెండు వైపులా ఎండే. నీడ ఉన్నదల్లా కొండ కింద ఒక నిలువెత్తు ప్రహరీగోడకు, జానెడు వెడల్పున. అదీ గోడకు దక్షిణాన! మర్నాడు క్లాసులో లేచి, "పుస్తకం తప్పు మాస్టారూ" అన్నాను. ఆయన నవ్వారు. "పుస్తకం ఏ ఊళ్ళో రాశారో ముందు కనుక్కో. డిసెంబర్‌లో మళ్ళీ వెళ్ళు" అన్నారు.

ఇవాళ నేను చెప్పేదంతా ఆ జానెడు నీడకు వ్యాఖ్యానం. యిన్, యాంగ్ అనగానే మన మనసులో రెండు పళ్ళేల త్రాసు మెదులుతుంది. ముల్లు మధ్యకు వచ్చి ఆగితే అంతా బాగున్నట్టు. ఆ త్రాసు బొమ్మ పెట్టుకుని చూస్తే చైనావాళ్ళు చెప్పిన అసలు సంగతి చేజారిపోతుందని నా వాదన. ఆరు మెట్లుగా చెప్తాను. మెట్లన్నీ ఒకే ఎత్తున ఉండవు, ఓపిక పట్టండి.

1. ఎండవైపు, నీడవైపు

చైనా లిపిలో ఈ రెండు అక్షరాలకూ ఎడమపక్కన ఒకటే గుర్తు ఉంటుంది. అది గుట్టకు గుర్తు. గుట్టకు ఎండపడే వైపు యాంగ్, నీడపట్టు యిన్. మొదట్లో అంతకు మించి ఏమీ లేదు. ఆడా మగా లేరు, మంచీ చెడూ లేవు, విశ్వశక్తులు అసలే లేవు. చైనాలో అతి పాత గీతాల సంకలనం షిజింగ్‌లో జోవ్ వంశపు పూర్వీకుడు గోంగ్ ల్యూ కొత్తచోట ఊరు కట్టబోతూ గుట్టెక్కి ఏది ఎండవైపు, ఏది నీడవైపు అని చూసుకుంటాడు. విత్తు ఎక్కడ ముందు మొలుస్తుంది, మంచు ఎక్కడ ఆలస్యంగా కరుగుతుంది అని చూసే రైతు చూపు అది.

ఊళ్ళ పేర్లలో ఆ చూపు ఇప్పటికీ ఉంది. లోయాంగ్ అంటే లో నదికి యాంగ్ వైపున్న ఊరు. కొండకైతే దక్షిణం యాంగ్, నదికైతే ఉత్తరపు గట్టు యాంగ్. ఇదేమిటి తిరకాసు అనుకోకండి. లోయలో ఉత్తరపు గట్టే కదా దక్షిణానికి వాలి సూర్యుడికి ఎదురుగా ఉండేది. హ్వా పర్వతానికి ఉత్తరాన ఉన్న ఊరు హ్వాయిన్. యాంగ్‌త్సీ నదికి దక్షిణాన ఉన్నది జియాంగ్‌యిన్.

వీటిలో నాకు ఇష్టమైన ఊరు హాన్‌యాంగ్. ఇప్పుడది వూహాన్ నగరంలో భాగం. పేరు ప్రకారం హాన్ నదికి ఉత్తరాన ఉండాలి. ఒకప్పుడు ఉండేది కూడా. 15వ శతాబ్దంలో, మింగ్ చక్రవర్తుల కాలంలో, హాన్ నది దారి మార్చుకుని ఊరికి ఉత్తరంగా పారటం మొదలుపెట్టింది. ఊళ్ళో ఒక్క ఇటుకైనా కదల్లేదు. అయినా యాంగ్ ఊరు యిన్ గట్టు మీదికి వచ్చింది. పేరు మాత్రం ఎవరూ మార్చలేదు.

మన బెజవాడ సంగతి చూద్దాం. కృష్ణకు ఉత్తరపు గట్టు. గుడి, ఘాట్లు ఉన్నది కొండకు దక్షిణాన. చైనా లెక్కలో రెండు విధాలా యాంగ్. సరదాకే అన్నా, ఆ లెక్క తెలిసిన మనిషి ఒకాయన ఈ ప్రాంతానికి నిజంగానే వచ్చాడు. 7వ శతాబ్దంలో వచ్చిన హ్యూన్‌త్సాంగ్ పుట్టింది లోయాంగ్ దగ్గర్లోనే. ధాన్యకటక రాజ్యంలో ఆగి అభిధర్మం చదువుకున్నాడు. రాజధానికి తూర్పు కొండ మీద పూర్వశైల, పడమటి కొండ మీద అపరశైల విహారాలున్నాయని రాసుకున్నాడు. మనవాళ్ళు కొండలకు తూర్పూ పడమరా చూశారు. ఆయన ఊరివాళ్ళు దక్షిణం, ఉత్తరం చూశారు.

అలా చూడటానికి కారణం ఉంది. లోయాంగ్ 34 డిగ్రీల అక్షాంశానికి పైన ఉంది. అక్కడ మధ్యాహ్న సూర్యుడు ఏడాది పొడుగునా దక్షిణానే ఉంటాడు. మనం పదహారున్నర డిగ్రీల మీద ఉన్నాం. మే మొదటి వారం నుంచి ఆగస్టు మొదటి వారం దాకా మన మధ్యాహ్న సూర్యుడు నడినెత్తి దాటి కాస్త ఉత్తరానికి ఒరుగుతాడు. నా గోడ నీడ దక్షిణాన పడటం అందుకే. చైనా ఖగోళజ్ఞులకూ ఇది తెలుసు. ఇంచుమించు మన అక్షాంశంలోనే ఉన్న చంపా రాజ్యంలో, అంటే నేటి మధ్య వియత్నాంలో, నడివేసవిలో నీడ దక్షిణానికి పడుతుందని వాళ్ళు కొలిచి రాసుకున్నారు. ఈ ఆలోచన మన కొండల మధ్య పుట్టి ఉంటే కొండకు ఏడాదంతా చెల్లే యాంగ్ వైపు ఉండేదే కాదు.

లోయాంగ్‌లో ఉంటే మాత్రం శాశ్వతమా? ప్రాచీన వైద్యగ్రంథం హువాంగ్‌ది నైజింగ్ రోజును నాలుగు ముక్కలుగా కోసింది. తెల్లవారినప్పటి నుంచి మధ్యాహ్నం దాకా యాంగ్‌లో యాంగ్. మధ్యాహ్నం నుంచి పొద్దుగూకేదాకా యాంగ్‌లోనే యిన్. పొద్దుగూకాక కోడికూత దాకా యిన్‌లో యిన్. కోడి కూశాక తెల్లవారేలోపు యిన్‌లో యాంగ్. నడివేసవి మధ్యాహ్నం ఎండ మాడ్చేస్తుంటే, ఆ క్షణం నుంచే యిన్ మొదలైందని లెక్క.

2. బొమ్మ

నలుపు తెలుపు చేపలు ఒకదాని తోక ఒకటి తరుముతున్నట్టుండే ఆ గుండ్రటి బొమ్మ మీకందరికీ తెలుసు. టీషర్టుల మీద ఉంటుంది, యోగా కేంద్రాల బోర్డుల మీద ఉంటుంది. దక్షిణ కొరియా జెండా నడుమ ఎరుపు, నీలం రంగుల్లో ఉంటుంది. భౌతికశాస్త్రవేత్త నీల్స్ బోర్‌కు 1947లో డెన్మార్క్ పెద్ద పురస్కారం ఇస్తే తన కులచిహ్నంలో దాన్నే పెట్టుకున్నాడు. ఆ బొమ్మ కన్ఫ్యూషియస్ ఎరగడు, లావో త్సు ఎరగడు. 11వ శతాబ్దంలో జోవ్ దున్‌యీ గీసిన పటంలో ఉన్నవి ఒకదానిలో ఒకటి ఇమిడిన వలయాలు. చేపల్లాంటి రూపం 14వ శతాబ్దంలో ఝావ్ హ్వీచియెన్ రాసిన లిపిశాస్త్ర గ్రంథం నాటికి గాని మనకు స్పష్టంగా కనిపించదు.

పాత గ్రంథాల్లో ఈ జంట మాట కూడా మనం అనుకున్నంత తరచుగా లేదు. కన్ఫ్యూషియస్ సంభాషణల్లో యిన్, యాంగ్ జంటగా ఒక్కసారీ రావు. లావో త్సు పేరు మీదున్న దావ్ ద జింగ్ 81 అధ్యాయాల్లో ఒక్క 42వ అధ్యాయంలో వస్తాయి. అన్నట్టు, హ్యూన్‌త్సాంగ్ స్వదేశానికి తిరిగి వెళ్ళాక చక్రవర్తి ఆ పుస్తకాన్ని సంస్కృతంలోకి మార్చమన్నాడు. 'దావ్' అన్న మాటను ఏమనాలన్న దగ్గర తావో పండితులతో పెద్ద పేచీ వచ్చింది. వాళ్ళు 'బోధి' అనమన్నారు. ఈయన 'మార్గం' అనే పట్టుబట్టాడు. ఆ అనువాదం మనకు దక్కలేదు. దక్కి ఉంటే ఈ ఉపన్యాసం ఇంకోలా ఉండేది.

ఆ బొమ్మ అందమైనదే. దానివల్ల జరిగిన నష్టమల్లా రెండు చేపల్నీ సరిసమానంగా గీసి, గోడకు మేకు కొట్టి తగిలించటం. కదులుతున్న నీడకు ఫోటో తీసినట్టయింది.

3. పులుసు, కుండ, తూకపురాయి

మరి తూకం గురించి చైనాలో ఎవరూ ఏమీ అనలేదా? అన్నారు. యిన్, యాంగ్ మాటలు లేకుండానే అన్నారు. ఇక్కడ కాస్త నిలబడతాను, నాకు ఇష్టమైన చోటు ఇది.

క్రీ.పూ. 522. చీ రాజ్యాధిపతి వేట నుంచి తిరిగొచ్చాడు. మంత్రి యాన్ యింగ్ పక్కనే ఉన్నాడు. ఇంతలో రాజుకు ఇష్టుడైన కొలువుకాడొకడు రథం తోలుకుంటూ వచ్చాడు. నాతో పొందిక కుదిరింది వీడొక్కడికేనని రాజు మురిసిపోయాడు. యాన్ యింగ్ ఒప్పుకోలేదు. అది పొందిక కాదు, ఒకటే రకం కావటం అన్నాడు. తేడా ఏమిటని రాజు అడిగితే పులుసు సంగతి ఎత్తుకున్నాడు. చేపకూ మాంసానికీ నీళ్ళు కావాలి, నిప్పు కావాలి, వెనిగర్, ఉప్పు, పుల్లటి ప్లమ్ పళ్ళు కావాలి. వంటమనిషి రుచి చూస్తూ తక్కువైనదాన్ని కలుపుతాడు, ఎక్కువైనదాన్ని విరుస్తాడు. కొలువూ అంతే. రాజు ఔనన్నదాంట్లో కాదనాల్సింది ఉంటే మంత్రి దాన్ని బయటపెట్టాలి, అప్పుడే ఆ ఔనుకు బలం. నీ ఇష్టుడు చేసేది నీళ్ళలో నీళ్ళు పోసి ఉడికించటం, ఆ పులుసు ఎవరు తింటారు అని అడిగాడు. మన భాషలో అయితే తానా అంటే తందానా.

ఉగాది పచ్చడి గుర్తొస్తోందని మీ ముఖాలే చెబుతున్నాయి. నాకూ వచ్చింది. కానీ ఉగాది పచ్చడి ఆరు రుచులూ వస్తాయి, ఓర్చుకోమంటుంది. యాన్ యింగ్ చూపు రుచుల మీద కంటే వంటమనిషి చెయ్యి మీద, గరిటె తీసి రుచి చూస్తున్న ఆ నాలుక మీద ఉంది. పులుసులో ఉప్పూ పులుపూ సమానంగా వెయ్యమని ఏ ఇల్లాలూ చెప్పదు.

రెండోది కుండ కథ. తత్త్వవేత్త షున్ త్సు గ్రంథంలో ఉంది. కన్ఫ్యూషియస్ లూ రాజ్యంలో పూర్వపు రాజు గుడికి వెళితే అక్కడ ఒక వింత పాత్ర కనిపించింది. ఖాళీగా ఉంటే ఒరుగుతుంది, సగం నిండితే నిటారుగా నిలుస్తుంది, పూర్తిగా నిండితే తలకిందులై ఒలికిపోతుంది. శిష్యుల చేత నీళ్ళు పోయించి చూశాడు. చెప్పినట్టే జరిగింది. ఇందులో మాయ లేదు. ఇరుసుకు పైన బరువు పెరిగితే ఏ పాత్రయినా తిరగబడుతుంది. కుండ తయారుచేసినవాడు ఆ లెక్క తెలిసినవాడు. నిండుగా ఉండి కూడా పడకుండా ఉండటం ఎలా అని శిష్యుడు జిలు అడిగాడు. ఆ ప్రశ్న నాకు నచ్చుతుంది, ఎందుకంటే సగంతో తృప్తిపడమంటే రాజులు వినరని జిలుకి తెలుసు. గురువు జవాబు సారాంశం: ఎంత నిండితే అంత వంచుకుంటూ పోవటమే.

అయితే సగమే ధర్మమా? దానికి మరో తత్త్వవేత్త మెన్షియస్ అడ్డుపడ్డాడు. ఆయన కాలంలో ఒకవైపు యాంగ్ జూ, లోకానికి మేలు జరుగుతుందన్నా ఒంటిమీది వెంట్రుక కూడా పీకి ఇవ్వనన్నవాడు. ఇంకోవైపు మో త్సు, లోకం కోసం నెత్తి నుంచి మడమ దాకా అరగదీసుకుంటానన్నవాడు. వీళ్ళిద్దరి మధ్యా జిమో అనే ఆయన నడిమధ్యన నిలబడ్డాడు. ఇతను నయమే గాని, తూచకుండా మధ్యను పట్టుకుని వేలాడితే అది కూడా ఒకే కొసను పట్టుకున్నట్టే అన్నాడు మెన్షియస్. అక్కడ ఆయన వాడిన మాట 'చ్వెన్'. త్రాసులో వేసే తూకపురాయి. మన పెద్దలు పడికట్టురాయి అనేవారు.

ఆ రాయితో ఆయన ఏం తూచాడో ఇంకోచోట తెలుస్తుంది. ఆడవాళ్ళూ మగవాళ్ళూ ఇచ్చిపుచ్చుకునేటప్పుడు చేతులు తగలకూడదన్నది అప్పటి మర్యాద. మరి వదినగారు నీళ్ళలో మునిగిపోతుంటే చెయ్యి అందించవచ్చా అని ఒక వాదనాచతురుడు నిలేశాడు. అందించనివాడు తోడేలు అన్నాడు మెన్షియస్. చేతులు తగలకపోవటం మర్యాద, చెయ్యి అందించటం చ్వెన్. అడిగినాయన వదల్లేదు. ఇప్పుడు లోకమంతా మునిగిపోతోంది, మీరెందుకు చెయ్యి అందించరు అన్నాడు. లోకాన్ని కూడా చేత్తోనే లాగమంటావా అని విసుక్కున్నాడు మెన్షియస్.

ఒక మాట ఒప్పుకోవాలి. మెన్షియస్ నాటికి చైనాలో రెండు పళ్ళేల త్రాసులు ఉన్నాయి. చాంగ్‌షా దగ్గర చూ రాజ్యపు సమాధిలో చిన్న త్రాసు, ఉంగరాల్లాంటి తూకపురాళ్ళు దొరికాయి. ఆ తర్వాతి కాలంలో మరో రకం త్రాసు చైనా బజార్లను ఏలింది. ఒక పొడుగాటి కోల, ఒక కొసకు కొక్కెం, కోల మీద అటూ ఇటూ జరిపే గుండు. మీలో పెద్దవాళ్ళు కొందరు చూసే ఉంటారు. దానిలో రెండు వైపులా బరువులు ఎప్పుడూ సమానంగా ఉండవు. పిడికెడు గుండు బస్తాకు సరితూగుతుంది, తగిన చోట నిలిపితే. సరుకు మారితే చోటు మారుతుంది. ఆ గుండు పేరు కూడా చ్వెనే. నేటి చైనా భాషలో అధికారం అన్న మాటలోనూ, హక్కు అన్న మాటలోనూ ఇప్పటికీ ఈ తూకపురాయే ఉంది.

4. దారి మూసుకుపోవటం

క్రీ.పూ. 780లో జోవ్ రాజధాని ప్రాంతంలో మూడు నదుల పొడుగునా భూకంపం వచ్చింది. బో యాంగ్‌ఫూ అనే కొలువు పండితుడు కారణం చెప్పాడు. యాంగ్ కింద చిక్కుకుంది, పైకి రావాలని చూస్తోంది, యిన్ దాన్ని తొక్కిపట్టింది, అందుకే నేల కదిలింది అని. పదేళ్ళు తిరగకుండా రాజ్యం కూలుతుందని కూడా అన్నాడు. క్రీ.పూ. 771లో పశ్చిమ జోవ్ రాజ్యం కూలింది. ఈ కథను గ్రంథానికి ఎక్కించింది కూలిపోయాక చాలాకాలానికి గనుక జోస్యానికి మార్కులు వెయ్యనక్కర్లేదు. నేను చూడమనేది ఆయన వివరణను. యాంగ్ ఎక్కువైందనలేదు, యిన్ తక్కువైందనలేదు. కదలవలసింది కదల్లేకపోతోంది అన్నాడు.

మార్పుల గ్రంథం యీ జింగ్‌లో 11వ చిహ్నం పేరు తాయ్, సుభిక్షం. అందులో నేల పైన ఉంటుంది, ఆకాశం కింద! తలకిందులైన ప్రపంచం సుభిక్షమెలా అవుతుంది? వ్యాఖ్యాతలు చెప్పేదేమంటే, ఆకాశం పైకి పోయేది, నేల కిందికి దిగేది, అందుకని అలా పెడితే రెండూ ఎదురెదురుగా వచ్చి కలుస్తాయి. 12వ చిహ్నంలో ఎవరి చోట వాళ్ళుంటారు, ఆకాశం పైన, నేల కింద. దాని పేరు పి, స్తంభన. ఒకటి పైపైకి, ఒకటి కిందికి, మాటా మంతీ ఉండదు. పైవాళ్ళు పైన, కిందవాళ్ళు కింద కుదురుగా ఉన్న ఆఫీసు మీకు తెలిసే ఉంటుంది.

5. ఎవరు ఎటు?

ఇంతవరకూ విన్నది బాగుంది కదా. ఇక బాగులేనిది.

1973లో చాంగ్‌షా దగ్గర మావాంగ్‌ద్వీలో మూడో సమాధి తవ్వారు. క్రీ.పూ. 168లో మూసిన సమాధి. అందులో పట్టువస్త్రాల మీద రాసిన గ్రంథాలు బయటపడ్డాయి. ఒకదాని పేరు చెంగ్, అంటే తూచటమే. దాని చివర ఒక పట్టిక ఉంది. పగలు యాంగ్, రాత్రి యిన్. పెద్ద రాజ్యం యాంగ్, చిన్న రాజ్యం యిన్. రాజు యాంగ్, మంత్రి యిన్. అన్న, తమ్ముడు. అతిథి యాంగ్, ఇంటాయన యిన్. మాట యాంగ్, మౌనం యిన్. ఆ లెక్కన ఈ గంటసేపూ నేను రెండు విధాలా యాంగ్, అతిథిని, మాట్లాడేవాణ్ణి. ప్రశ్నల వేళ వచ్చేసరికి పాత్రలు మారతాయి, భయంగానే ఉంది.

పట్టికలో సుగుణం ఏమంటే ఒకే మనిషి కొలువులో యిన్, ఇంట్లో తమ్ముడి ముందు యాంగ్ కావచ్చు. గుట్టకు ఎండవైపు ఉన్నట్టే. కానీ పట్టికలు రాసే చెయ్యి ఊరుకోదు. క్రీ.పూ. 2వ శతాబ్దంలో దోంగ్ ఝోంగ్‌షూ వచ్చేసరికి యాంగ్ ఎప్పటికీ గొప్పది, యిన్ ఎప్పటికీ తక్కువది అయింది. రాజు, తండ్రి, భర్త ఒకవైపు. మంత్రి, కొడుకు, భార్య ఇంకోవైపు. ఈయన పేరున్న గ్రంథంలో వాన రప్పించే పద్ధతి ఉంది. దక్షిణ ద్వారం మూసి ఉత్తర ద్వారం తెరవాలి, మగవాళ్ళు కనపడకుండా ఉండాలి, ఆడవాళ్ళు సంతోషంగా తిరగాలి. వాన ఆగాలంటే ఆడవాళ్ళు లోపల, మగవాళ్ళు బయట. ఆయన జియాంగ్‌దు సంస్థానంలో మంత్రిగా ఉండి దీన్ని ఆచరించాడు కూడా. అంతకు సుమారు వందేళ్ళ ముందే షున్ త్సు, ప్రార్థించాక కురిసిన వానకూ ప్రార్థించకుండా కురిసిన వానకూ తేడా ఏమిటని కొట్టిపారేశాడు. గ్రహణాలు, రాలే చుక్కలు యిన్, యాంగ్ మార్పులే, ఆశ్చర్యపోండి గాని భయపడకండి అని చెప్పినవాడు ఆయన. గెలిచింది మాత్రం దోంగ్. ఆస్థానాలకు భయం కావాలి. చరిత్రకారుడు సిమా తాన్ ఆరు తత్త్వ శాఖల్ని బేరీజు వేస్తూ యిన్–యాంగ్ పండితులు నిషేధాలు పెంచి జనాన్ని బెదరగొడుతున్నారని విసుక్కున్నాడు. అయినా రుతువుల క్రమం తెలిపే వాళ్ళ విద్యను వదులుకోలేమన్నాడు. వర్జ్యాలు, దుర్ముహూర్తాలు చూసుకునే ఇళ్ళలో పెరిగిన మనకు ఆ విసుగూ తెలుసు, ఆ ఒప్పుకోలూ తెలుసు.

ఈ కథలో నన్ను ఎక్కువ ఇబ్బంది పెట్టే మనిషి బాన్ ఝావ్. క్రీ.శ. 45 ప్రాంతంలో పుట్టిన మహా విదుషి. తండ్రి మొదలుపెట్టగా అన్న కొనసాగించి అసంపూర్తిగా వదిలిన హాన్ వంశ చరిత్రను పూర్తిచేసింది. ఆమె 'ఆడవాళ్ళకు పాఠాలు' అనే పుస్తకం రాసింది. యాంగ్ గుణం గట్టిదనం, యిన్ గుణం మెత్తదనం, కాబట్టి ఆడది లొంగి ఉండాలి అంటుంది. అదే పుస్తకంలో రెండు పుటల ముందు, భార్యాభర్తలు యిన్ యాంగ్‌ల జంట అన్నప్పుడు మగపిల్లలకు మాత్రమే చదువు చెప్పి ఆడపిల్లల్ని వదిలేస్తే ఎలా అని నిలదీస్తుంది. ఒకే తూకపురాయితో రెండు తూకాలు. ఆమె శిష్యురాలు దెంగ్ మహారాణి క్రీ.శ. 106 నుంచి 121 వరకు బాలచక్రవర్తుల తరఫున సామ్రాజ్యం నడిపింది. పట్టిక తీసి చూస్తే ఆమె ఏలిక గనుక యాంగ్, స్త్రీ గనుక యిన్. కొలువులో మంత్రులంతా ఆమె ముందు మోకరిల్లేటప్పుడు ఎవరూ పట్టిక తియ్యలేదు.

యిన్, యాంగ్ ఆడవాళ్ళకు సమాన గౌరవం ఇచ్చిన తత్త్వమని ఈమధ్య వ్యాసాల్లో చదువుతున్నాను. రెండు వేల ఏళ్ళ చరిత్ర ఆ మాటకు సాక్ష్యం చెప్పదు. జతలో సగం అని ఒప్పుకుంటూనే కిందిసగం చెయ్యటం సాధ్యమే. మనకు అర్ధనారీశ్వరుడున్నాడు, మన ఇళ్ళ సంగతీ మనకు తెలుసు. ఆ పోలిక ఇంకోరోజు చూద్దాం.

6. దాటాక, దాటకముందు

యీ జింగ్‌లో 64 చిహ్నాలు. ఒక్కో దానికి ఆరు గీతలు, కింది నుంచి పైకి. ఒకటి, మూడు, అయిదు స్థానాలు యాంగ్ గీతకు తగినవి, రెండు, నాలుగు, ఆరు యిన్ గీతకు. మొత్తం 64లో ఆరు గీతలూ తమ తమ స్థానాల్లో ఉన్న చిహ్నం ఒక్కటే. మూడు యాంగ్, మూడు యిన్, ఒకటి విడిచి ఒకటి, చక్కగా. పరీక్షలో నేను రాసిన 'సమానంగా' ఇదే. దీంతో గ్రంథం ముగుస్తుందని ఎవరైనా అనుకుంటారు. ముగియదు. అది 63వది. పేరు 'దాటేశాం', నది దాటేశాం అని. దాని కింద రాసిన తీర్పు ఆశ్చర్యంగా ఉంటుంది. మొదట శుభం, చివర గందరగోళం. 64వ చిహ్నంలో ఆరు గీతలకు ఆరూ తప్పుడు స్థానాల్లో ఉంటాయి. పేరు 'ఇంకా దాటలేదు'. నక్క పిల్ల దాదాపు దాటేసి, తోక తడుపుకుంటుంది. పుస్తకం అక్కడ ఆగుతుంది.

ఇక చివరి సంగతి, మళ్ళీ నీడ దగ్గరికి. జోవ్ రాజుల పరిపాలన పద్ధతుల గ్రంథం జోవ్ లీలో భూమికి మధ్య ఎక్కడో చెప్పారు. నడివేసవి మధ్యాహ్నం ఎనిమిది అడుగుల కొయ్య నీడ సరిగ్గా అడుగున్నర పడే చోటు, అక్కడ యిన్, యాంగ్ పొందికగా కలుస్తాయి అని. చైనా అడుగుల్లో చెప్పిన లెక్క అది. లెక్క కడితే అది లోయాంగ్ ప్రాంతం అక్షాంశమే అవుతుంది. రాజధాని పక్కనే భూమికి మధ్య దొరకటం రాజులకు ఎంత అనుకూలమో గమనించండి. దగ్గర్లోని దెంగ్‌ఫెంగ్‌లో క్రీ.శ. 723లో నిలబెట్టిన రాతి నీడగడియారం ఇప్పటికీ ఉంది. దాని పీఠం వాలును ఎలా చెక్కారంటే, నడివేసవి మధ్యాహ్నం నీడంతా పీఠం మీదే పడి, నేల మీద అసలు కనపడదు. నీడ లేని వేదిక అని దానికి పేరు. నీడ ఉంది. లేనట్టు కనపడేలా రాయి చెక్కారు, అదీ ఏడాదికొక్క మధ్యాహ్నానికి.

మన దగ్గర రాయి చెక్కనక్కర్లేదు. డిసెంబర్‌లో మాస్టారు చెప్పినట్టే మళ్ళీ వెళ్ళాను. అదే ప్రహరీగోడ. నీడ ఈసారి ఉత్తరానికి పడింది, గోడ ఎత్తుకు కాస్త తక్కువగా, నిండుగా. అందులో ఒక మేక పడుకుని ఉంది. వెళ్ళి చెప్పాను. మార్కులు పెంచుతారని లోపల ఆశ. ఆయన అంతా విని, "నీడే లేని రోజు చూశావా?" అన్నారు. మే మొదటి వారంలో ఒకటి, ఆగస్టు మొదటి వారంలో ఒకటి, ఏడాదికి రెండు మధ్యాహ్నాలు విజయవాడలో గోడలకు నీడ ఉండదు. మే నెలలో నేను ఎప్పుడూ ఊళ్ళో లేను. ఆగస్టులో మూడుసార్లు వెళ్ళాను. మూడుసార్లూ మబ్బు పట్టింది.